కాలని కాళ్లు

పీర్ల పండగ పదో రోజు మధ్యాహ్నం ఆ ఇంట్లో ఉన్నది నలుగురే. లోపలి గదిలో, ఒక్కపొద్దుండి పడుకున్న కేశవయ్య. వంటింట్లో ఆయన భార్య పుల్లమ్మ. నడవలో, కడపలో ఎం.ఫార్మసీ చదువుతూ పండక్కని ఊరికొచ్చిన వాళ్ల చిన్నకొడుకు కిరణ్‌కుమార్. అతనికి ఎదురుగా చాపమీద, పదో తరగతి చదివే మనవరాలు హిమబిందు. ఆ పిల్ల తండ్రి సిమెంటు లారీతో ఎర్రగుంట్లలో చిక్కుకున్నాడు, తల్లి పీర్ల చావిడి అలకడానికి పోయింది. పొద్దుగూకితే గుండం. కొన్నేళ్లుగా ఆ నిప్పుల్లో అందరికంటే నిదానంగా నడిచే మనిషి కేశవయ్యే. పొద్దున తాత కాళ్లు కడిగినప్పటినుంచీ హిమబిందు ఒక మాట చెప్పాలని చూస్తోంది.

"చిన్నాయనా, ఒక మాట..."

"మధ్యలో మాట్లాడొద్దు పిల్లా. సోమవారం సెమినారు ఉండాదని చెప్పినా కదా. మా సారు గూడ ఇట్లనే అడ్డొస్తాడు. గమ్మున కూర్చొని విను. యాడిదాకా వచ్చినా?"

"చక్కెర కాడ."

"ఆ. రక్తంలో చక్కెర ఎక్కువైతే కణాల్లో మండాల్సిన దానికంటే ఎక్కువ మండుతుంది. పొయ్యిలో కట్టెలు మరీ కుక్కితే ఏమైతుంది?"

"పొగొస్తుంది."

"నిప్పురవ్వలు లేస్తాయి అను."

"పొగే వస్తుంది చిన్నాయనా. కుక్కితే రవ్వలు లేయవు."

"సరే తల్లీ, పొయ్యికాడ ఉండేది నువ్వు, నేను కాదు. పొగే అనుకో. ఆ పొగలో ఘాటు ఉంటుంది చూడు, అట్లాటిదాని పేరు సూపరాక్సైడు. వాడు దుండగుడు. ఒంట్లోనే నైట్రిక్ ఆక్సైడని ఇంగొకడు ఉంటాడు. వాడు మంచోడు. రక్తనాళాలను వదులు చేసి రక్తం బాగ పారేట్ల చూస్తాంటాడు."

"మంచోడైతే మంచిదే కదా."

"అదే కదా కత. మంచోడు పోయి దుండగునితో కలిసినాడంటే ఇద్దరూ కలిసి మూడోవాడైతారు. పెరాక్సీనైట్రైట్. వాడు నరం మీదుండే పొర కాలుస్తాడు, లోపలుండేది కాలుస్తాడు, నరానికి రక్తం తెచ్చే సన్న నాళాలను గూడ వదలడు."

"సర్పంచి ఎలచ్చన్లప్పుడు మనోడు సుంకన్న పోయి అవతలి పార్టీవాళ్లతో కలిసినట్ల."

"అచ్చం అట్లనే. ఇది మా సారు ముందర చెప్పేదానికి లేదు గానీ, శానా బాగుండాది."

"నరం కాలిపోతాంటే మనిషికి తెలుస్తుందా?"

"మొదట తెలుస్తుంది. కాళ్లు తిమ్మిరెక్కుతాయి, చీమలు పాకినట్ల. ఆ తర్వాత మంట. దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు."

"తాత అట్లనే అరుస్తాండె కదా, నా చిన్నప్పుడు. బకెట్లో నీళ్లు పోసుకొని కాళ్లు అందులో పెట్టుకొని కూర్చుంటాండె."

"శానామందికి ఉంటుందిలే, వయసైతే. విను. కొన్నేండ్లకు ఆ మంట దానంతటదే తగ్గిపోతుంది."

"బాగైపోయినట్లా?"

"కాదు. మంటని చెప్పాల్సిన నరమే సచ్చిపోయినట్ల. ఇందులో మోసం అదే. రోగి బాగైపోయిందని సంబరపడతాడు."

"చిన్నాయనా..."

"ఉండు, అసలుది ఇప్పుడొస్తుంది. నా ఎలకలు. వాటికి సూదేసి చక్కెర జబ్బు తెప్పిస్తాం. కొన్నాళ్లు ఆగి, వేడి పళ్లెం మీద నిలబెడతాం. బాగుండే ఎలకైతే చటుక్కున కాలెత్తి నాక్కుంటుంది, ఎగిరి దూకబోతుంది. నరాలు పోయినదైతే నిలబడే ఉంటుంది."

"ఊరికేనా?"

"ఊరికే. మీసాలు ఆడించుకుంటా, సన్నాసి మాదిరి."

"దానికి కాళ్లు కాలవా?"

"ఎందుకు కాలవు? దానికి తెలియదంతే. అందుకే మేమే లెక్క చూసుకొని తీసేస్తాం. తీయకపోతే ఒప్పుకోరు. దానికొక కమిటీ ఉండాది."

"ఎలకల కాళ్లు కాలకుండా చూసేదానికి కమిటీ ఉండాదా?"

"నవ్వొద్దు. శానా గట్టి కమిటీ. వాళ్లు సరేననకుంటే ఒక్క ఎలకను ముట్టనీరు."

"నవ్వలేదు చిన్నాయనా. మనుషులకు గూడ ఉండాదేమో అని."

"మనుషులను పళ్లెం మీద ఎవరు నిలబెడతారు పిల్లా?"

"మాపటికి నిలబెడతారు కదా."

"ఏమంటివి?"

"ఏంల్యా."

"లేదు, చెప్పు. ఏమంటివి?"

"తాతను... గుండంలో. అందరూ పరిగెత్తుతారు. తాత నిలబడి నడుస్తాడు."

"అది వేరే. అది భక్తి."

"ఎలకకైతే..."

"ఎలకలకు భక్తి ఉండదు. ఉండు, ఈ ఓహెచ్‌పీ షీట్లు సర్దుకోనీ, సెమినార్లో తెరమీద చూపించేవి. గాలికి పోతాయి."

"గాలి లేదు చిన్నాయనా."

"వస్తుంది."

"తాత అరికాల్లో పుండు ఉండాది."

"ఏం పుండు?"

"పొద్దున కాళ్లు కడుగుతాంటే చూసినా. రూపాయి బిళ్లంత. చుట్టూ నల్లగ ఉండాది, నడిమధ్యలో గుంత. పసుపు రుద్దుతాంటే నా వేలు ఆ గుంతలోకి పోయింది. పోయినట్ల తెలిసింది నాకు. తాతకు తెలియలే."

"చటుక్కున చేయి తీసి ఉంటావు. అందుకే తెలిసుండదు."

"తీయలేకపోయినా, భయానికి. తాత తట్టు చూసినా. ఆవులిస్తాండాడు."

"మట్టేమో అది."

"మట్టి వాసన నాకు తెలుసు కదా చిన్నాయనా. అది మట్టి వాసన కాదు. చిన్నాయనా, నీ ఎలకలకు మందు ఉండాదని నిన్న అన్నావు కదా. ఆ మంట ఆర్పేది."

"అదా. అది పొడి. తినిపించినవాటికి కొంచెం మేలుగా ఉండాది. మొదట్లోనే తినిపించాల. అది గూడ ఎలకలకు. మనుషులకు పనిచేస్తుందో లేదో ఇంగా తేలలే."

"అయితే ఇప్పుడు ఏం చేయాల?"

"ఆ కాలు నిప్పుల్లో పెట్టకూడదు. ముందు అది. కర్నూలుకు పిల్చుకపోయి చూపించాల. ఇట్లాంటిది లోపలికి, ఎముక దాకా పోతే ఇంగ కాలు... సరేలే. నీకెందుకు."

"కాలు తీసేస్తారా?"

"నేనట్ల అన్నానా?"

"అనబోయి ఆగితివి. పోయి చెప్పు చిన్నాయనా, ఇప్పుడే. తాత మేలుకొనే ఉండాడు."

"నేనా? నాయనకా? పోయినేడు పండక్కి చక్కెర తగ్గించు నాయనా అంటే చెంబు తీసి ఇసిరినాడు. బనగానపల్లె నుంచి జీపులేసుకొని వస్తాండారు పిల్లా ఆయప్పను చూడ్డానికి. ఇప్పుడు నేను పోయి, నాయనా నీది భక్తి కాదు, పెరాక్సీనైట్రైట్ అని చెప్పమంటావా?"

"ఆ మాట వద్దు. పుండు ఉండాదని చెప్పు చాలు."

"మీ అవ్వతో చెప్పిద్దాం. ఆమె మాటైతే ఇంటాడు."

"ఎవరి మాటరా? ఎవరింటారు? మిట్టమధ్యాహ్నం ఏం గుసగుసలు మీ ఇద్దరికీ?"

"రామ్మా. ఆ పళ్లెంలో ఏంది?"

"చక్కెర. చావిట్లో పీర్ల ముందర ఫాతెహా చదివించాల. మీ నాయన గుండం తొక్కి రాంగానే నోట్లో పోయాల కదా."

"అంతా నాయనకేనా?"

"మిగిలింది పంచుతార్లే."

"అమ్మా, ఆయప్పకు చక్కెర జబ్బు."

"అంత మాత్రం నాకు తెలీదా? ఇంట్లో చక్కెర ముట్టనిస్తానా నేను? పీర్ల చక్కెర పథ్యం కిందికి రాదు. చదివించినాక అది చక్కెర కాదు."

"ఏమైతుంది?"

"ప్రసాదమైతుంది."

"ఆ సంగతి రక్తానికి ఎవరు చెప్తారమ్మా?"

"నువ్వు చెప్పు. చదువుకున్నోడివి కదా."

"అవ్వా, తాత కాలిది..."

"నువ్వు గమ్మునుండు పిల్లా. పొద్దున్నుంచి కాలు కాలు అని నా పానం తింటాండావు. అది పుండు కాదు. పోయినేడు గుండం తొక్కినప్పటి గుర్తు. దేవుడేసిన ముద్ర."

"పోయినేటిది ఇంగా ఆరలేదా అవ్వా?"

"ముద్రలు ఆరతాయా యాడన్నా?"

"అయితే నువ్వు చూసినావన్నమాట."

"నేనేం చూడలే."

"బండల మీద మరకలు తుడిచేది నువ్వే కదా. రోజూ."

"అది వక్కాకు మరక."

"మనింట్లో వక్కాకు ఎవరు నములుతారవ్వా?"

"ఒరే కిరణూ, ఈ పిల్ల నోరు తెరిచింది చూడు! నిన్నటిదాకా ఎవరన్నా పలకరిస్తే తలుపెనక్కి పోయేది. నీ కాడ కూర్చున్నందుకే ఇట్లైంది."

"అమ్మా, నిజం చెప్పు. నాయన కాళ్లకు స్పర్శ లేదని నీకు తెలుసా, తెలీదా?"

"స్పర్శ లేదా? పోయిన ఎండాకాలం ఎదురింటి దావీదురాజుతో మాట్లాడుకుంటా ఉత్త కాళ్లతో బండల మీద ఎంతసేపు నిలబడినాడో! దావీదురాజు చెప్పులేసుకొని గూడ కాలు మార్చి కాలు పెడతాండాడంట. మీ నాయన కదల్లేదంట. మామూలు మనిషికి అయ్యే పనేనా అది?"

"అదేనమ్మా నేను చెప్తాండేది. మామూలు మనిషికి అయ్యే పని కాదు."

"ఆ! అట్ల దారికి రా."

"అట్ల కాదమ్మా..."

"ఎట్లైనా కానీ. ఒరే నాయనా, నువ్వు కడపలో చదువుకుంటాండావు, ఈ ఊర్లో ఉండేది నేను. ముందర మీ నాయన గుండంలో దిగితే ఏం చేసేటోడో గుర్తుండాదా? అమ్మా అని గంతులేసుకుంటా అవతల పడేటోడు. గంతుల కేశవయ్య అని పేరు పెట్టలే? నేను కొళాయి కాడికి పోతే ఆడోళ్లు బిందెలు పట్టుకొని గంతులేసి చూపించేవాళ్లు. ఇప్పుడు పోతే, ముందు నువ్వు పట్టుకోక్కా అని పక్కకు జరుగుతారు. పొద్దున ఈ పిల్ల కాళ్లు కడిగిన నీళ్లు చెంబుల్లో పట్టుకపోయినారు, పిల్లల నెత్తిన చల్లుకోవాలని."

"ఆ నీళ్లా? అవ్వా, చల్లొద్దని పోయి చెప్పి రానా?"

"కాళ్లిరగ్గొడతా. గడప దాటినావంటే."

"అమ్మా, పోనీ జబ్బు మాటొద్దు. కాలికి రక్తం కారేవాళ్లు గుండంలో దిగకూడదని చావిడి చూసుకునే ముజావరు మస్తాన్ సాయబు ప్రతి ఏడూ చెప్తాడు కదా. గాయమైందని చెప్పి తప్పించుకుందాం. మర్యాద మర్యాదగానే ఉంటుంది."

"రక్తం కారినప్పుడు కదరా. పసుపు మెత్తి, పైన గంధం పూస్తే ఎవరికి కనపడుతుంది?"

"అంటే నువ్వు ఆల్రెడీ..."

"నేనేం చూడలే అన్నా కదా. పోతాండా, చావిట్లో నా కోసం కాచుకోనుంటారు. మీ నాయనను లేపొద్దు. ఆ పిల్లను ఆ గదిలోకి పోనీయొద్దు."

"సరేమ్మా."

"అవ్వ పోయింది చిన్నాయనా."

"చూస్తాండా."

"ఇప్పుడు?"

"ఇప్పుడేముంది? ఇద్దరం చెప్పినాం, ఇనలే."

"తాతకు చెప్పలే కదా. అవ్వకు కదా చెప్పింది."

"నువ్వే చెప్పు. మనవరాలివి. నీ మీద చెంబు ఇసరడు."

"నాకు మాట రాదు చిన్నాయనా. తాత ముందర."

"ఇంతసేపు నాతో వచ్చింది కదా."

"నువ్వు తాతవా?"

"నేను ఈడనే గోడ పక్కన నిలబడుంటా. అవసరమైతే లోపలికి వస్తా."

"ఒట్టు?"

"పో బిందూ. తొందరగా పో. అవ్వ వచ్చేస్తుంది."

లోపలి గది. తలుపు సగం తెరిచి ఉంది.

"ఎవరది? మజ్జిగైతే వద్దు. ఒక్కపొద్దు."

"నేను తాతా. బిందును. మజ్జిగ కాదు."

"మరేంది?"

"మాట."

"నీకు మాటలు గూడ వస్తాయా? ఏడాదికి రెండు మాట్లాడుతావు. ఈ ఏటి రెండూ ఉగాది నాడే ఐపోయినాయి అనుకుంటి. చెప్పు."

"ఈ పొద్దు గుండం తొక్కొద్దు తాతా."

"ఎవరు చెప్పమన్నారు?"

"ఎవరూ చెప్పమనలే."

"మీ చిన్నాయన. గోడ పక్కన నిలబడిండాడు. కాళ్లకు తెలియకపోయినా చెవులకు అన్నీ తెలుస్తాయి నాకు. ఒరే కిరణూ, నిలబడితే లోపలికొచ్చి నిలబడు, లేకుంటే పో... చూసినావా, పోయినాడు. ఎలకల కాడ పులి వాడు."

"తాతా... కాళ్లకు తెలియదని నీకు తెలుసా?"

"నా కాళ్లు నాకు తెలియవా పిల్లా? కర్నూల్లో డాక్టరు సూది తీసుకొని, కండ్లు మూసుకో పెద్దాయనా, గుచ్చినప్పుడు చెప్పు అన్నాడు. కండ్లు మూసుకొని కూర్చున్నా. ఎంతసేపటికీ గుచ్చడే. గుచ్చు నాయనా, బస్సు పోతుంది అంటి. ఎప్పుడో ఐపోయింది లే అన్నాడు."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఎందుకు చెప్తా? బస్సులో దిగులు పట్టుకుంది, నిజమే. నంద్యాల దాటినాక గుర్తొచ్చింది, పీర్ల పండగ వస్తాందని. దిగులు పోయింది."

"అయితే... అది భక్తి కాదా?"

"భక్తి ముందరుండె. భక్తితో దిగినన్నాళ్లూ కాల్చినాడు దేవుడు. గంతులేసినా, ఊరంతా నవ్వింది. కాళ్లు సచ్చినాక దిగినా. దూది మీద నడిచినట్ల ఉండె. నిదానంగా నడిచినా. చిన్న ఈరన్న, దేవేంద్రప్ప, అందరూ నవ్వేదానికే ముందొచ్చి నిలబడిండారు. ఒక్కడు నవ్వలే. దేవేంద్రప్ప చేతులెత్తి మొక్కినాడు. వాడు! ఆ పేరు పెట్టింది వాడే."

"వాళ్లకు చెప్పాల కదా తాతా. తెలియక మొక్కుతాండారు."

"భక్తి అని నేనెప్పుడన్నా అన్నానా? వాళ్లే అన్నారు. నేను గమ్మునుండా. గమ్మునుండేది తప్పైతే ఈ ఊర్లో అందరికంటే పెద్ద తప్పు చేసేది నువ్వే."

"నిప్పు లోపల గూడ ఉంటుందంట తాతా. చక్కెర ఎక్కువైతే, నరాల్లో..."

"ఆ ఎలకల కత నేనూ ఇన్నాలే. నిన్న మీ అమ్మకు చెప్తాంటే. మంచోడు పోయి చెడ్డోనితో కలుస్తాడు, అదే కదా? పాపం ఎలకకైతే మీ చిన్నాయన సూదేసి జబ్బు తెప్పించాల. నాకా ఖర్చు గూడ లేదు."

"ఎలకనైతే కాలు కాలకముందే తీసేస్తారంట. నిన్నెవరు తీస్తారు?"

"బాగ మాట్లాడుతాండావు. ఎవరు నేర్పించినారో గానీ."

"ఎవరూ నేర్పించలే. భయమైతాంది తాతా నాకు."

"నీకెందుకు భయం? నా కాళ్లకు ఏముండాది, ఏం లేదు, అంతా తెలిసే దిగుతాండా నేను. ఈ ఇంట్లో, ఈ ఊర్లో, నా కాళ్ల సంగతి నాకంటే బాగ తెలిసినోళ్లు ఎవరూ లేరు. ఆ డాక్టరు లేడు, మీ చిన్నాయన లేడు. ఈ ఒక్క మాపటేళ నన్ను నడవనీ. పో. తలుపేసుకొని పో."

"పోను."

"అయితే నేనే లేచి వేస్తా. జరుగు."

"తాతా, కాలు కింద ఆనించొద్దు తాతా! పుండు ఉండాది. అరికాల్లో. పొద్దున కడిగేటప్పుడు నా వేలు లోపలికి పోయింది. రక్తం కారుతాండాది, వాసన వస్తాండాది. అవ్వకు తెలుసు, రోజూ బండలు తుడుస్తాండాది. చిన్నాయనకు చెప్పినా..."

"జరుగంటి కదా."

తలుపు ఆమె ముఖం మీదనే మూసుకుంది. లోపల గడియ పడింది.

"తాతా... తాతా, తలుపు తీ."

"బిందూ."

"ఈడనే ఉండా తాతా."

"గట్టిగా అరవొద్దు. మీ అవ్వ వచ్చినట్లుండాది."

"సరే."

"ఏ కాలికమ్మా?"